బండలాగుడు పోటీలో అడుగుల లెక్క ఏం చెబుతుంది, ఏం చెప్పదు

గిత్తల జత కాడికి కట్టిన పెద్ద రాతిబండను ఇచ్చిన టైములో ఎంత దూరం లాగిందో చూసే పోటీ బండలాగుడు. తిరునాళ్ళలో ఈ పోటీ అయిన మర్నాడు ప్రకాశం జిల్లాలో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా ఒక తగువు వినపడుతుంది. మా ఊళ్ళో ఫస్టు వచ్చిన జత మూడు వేల అడుగులు లాగింది, పక్క మండలంలో ఫస్టు వచ్చిన జత రెండు వేల మూడొందల దగ్గరే నిలిచిపోయింది, కాబట్టి మాదే పెద్ద జత అని ఒకరు. మీ బండ బండేనా, పీట అని ఇంకొకరు. ఎంతసేపు వాదించినా ఇది తేలదు. రెండు బరుల్లో వచ్చిన రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టడానికి వీల్లేకపోవడమే కారణం. వంద మీటర్ల పరుగు ఎక్కడ పెట్టినా వంద మీటర్లే. బండలాగుడు అలా కాదు. రాయి, నేల, గొలుసు, వయసు విభాగం, టైము, ఎండ, అన్నీ ఊరికో రకం. ఇన్ని మారుతుంటే ఆ అడుగులు దేన్ని కొలుస్తున్నాయో కాస్త విప్పి చూడాలి.

ముందు ఫలితం ఎలా కడతారో చూద్దాం. బరికి రెండు చివర్లా సున్నంతో గీతలుంటాయి. జత ఒక గీత దగ్గర మొదలై బండను రెండో గీత దాటిస్తే ఒక రౌండు. అక్కడ జతను మళ్ళించి మళ్ళీ వెనక్కి లాగించాలి. టైము అయిపోగానే ఈల వేస్తారు, బండ ఎక్కడుంటే అక్కడికి టేపు పెట్టి కొలుస్తారు. బరి పొడవు 250 అడుగులనుకుందాం. 9 రౌండ్లు పూర్తయి, పదో రౌండులో 137 అడుగుల 4 అంగుళాల దగ్గర ఈల పడితే మొత్తం 2,387 అడుగుల 4 అంగుళాలు. మైకులో చదివేది ఈ అంకెనే. మొదటి రెండు స్థానాల మధ్య తేడా అంగుళాల్లో ఉండటం అరుదేమీ కాదు. అందుకే టేపు బండ ముందు అంచుకు పెట్టాలా, వెనక అంచుకు పెట్టాలా అన్నది పోటీకి ముందే మైకులో చెప్పించుకోవాలి. ఆరున్నర అడుగుల బండకు ఆ ఒక్క మాటే ఆరున్నర అడుగుల తేడా తెస్తుంది.

గడియారం మళ్ళింపు దగ్గర ఆగదు. 20 నిమిషాల పోటీలో తొమ్మిది మళ్ళింపులు పడితే, ఒక్కోదానికి 20 సెకన్లు పట్టినా మూడు నిమిషాలు బండ కదలకుండానే పోయినట్టు. అదే జత పొడుగు బరిలో ఆడితే మళ్ళింపులు తగ్గి, అదే ఓపికతో ఎక్కువ అడుగులు చూపిస్తుంది. 200 అడుగుల బరిలో వచ్చిన అంకెను 300 అడుగుల బరి అంకెతో పోల్చకూడదనడానికి ఇదొక్కటి చాలు.

ఇక విభాగాలు. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆ పైన సబ్ జూనియర్స్, జూనియర్స్, సీనియర్స్ లాంటి పేర్లు. చిన్న విభాగాలకు బండ తేలిక, టైము తక్కువ. చాలాచోట్ల 10, 15, 20 నిమిషాలుగా పెంచుకుంటూ పోతారు. గిత్తకు పుట్టిన తేదీ కాగితం ఉండదు కాబట్టి నోరే ఆధారం. పశువుకు పైదవడ ముందు భాగంలో పళ్ళుండవు, గట్టి చిగురే ఉంటుంది. కింది దవడలో ముందు ఎనిమిది పళ్ళు. అవి మొదట పాలపళ్ళు, సన్నగా తెల్లగా ఉంటాయి. రెండేళ్ళకూ రెండున్నరేళ్ళకూ మధ్య నడిమి రెండూ ఊడి వెడల్పాటి పళ్ళు వస్తాయి. మూడేళ్ళ ప్రాంతంలో నాలుగు, మూడున్నర నుంచి నాలుగేళ్ళలో ఆరు, నాలుగున్నర దాటి ఐదేళ్ళకల్లా ఎనిమిదీ. మేతను బట్టి, వంశాన్ని బట్టి నెలల తేడా వస్తుంది.

తగువులకు మూలం ఆ నెలల తేడానే. రెండు పళ్ళ విభాగంలో నిన్ననే ఆ రెండు పళ్ళూ వచ్చిన కోడె ఒకటి, నేడో రేపో మూడో పన్ను కదలబోతున్న కోడె ఇంకొకటి ఒకే బండకు కట్టబడతాయి. ఎదిగే వయసులో ఏడెనిమిది నెలలంటే మెడలో, భుజంలో కనపడేంత తేడా. నియమం ప్రకారం ఇద్దరూ సమానమే, బండ దగ్గర కాదు. ఇందులో మోసం ఏమీ లేదు. మోసం వేరే ఉంది. విభాగానికి మించి వచ్చిన పన్నును పీకించడం, కొత్త పన్ను మొన బయటపడకముందే పేరు రాయించుకుని పోటీ రోజు నోరు చూపించకపోవడం. పీకిన చోట చిగురు గుంట పడి ఎర్రగా ఉంటుంది, పక్క పళ్ళు దానివైపు ఒరగవు. సహజంగా ఊడిన చోట కొత్త పన్ను మొన వేలికి తగులుతుంది. అందుకే పేరు రాసేటప్పుడు ఒకసారి, కాడి వేసేముందు ఇంకోసారి నోరు చూసే కమిటీల దగ్గర గొడవలు తక్కువ.

బండ సంగతికొస్తే, బరువు ఎంతో బండ మీద రంగుతో రాసి ఉంటుంది. ఆ అంకెను గుడ్డిగా నమ్మనక్కర్లేదు, టేపు ఉంటే చాలు. మామూలు గ్రానైటు ఘనపుటడుగుకు 75 కిలోల ప్రాంతంలో తూగుతుంది. ఆరున్నర అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగు మందం ఉన్న బండ అంటే 13 ఘనపుటడుగులు, అంటే 975 కిలోలు. అదే కొలతల బండ చీమకుర్తి గెలాక్సీ రాయిది అయితే లెక్క మారుతుంది. ఆ నల్లరాయి ఘనపుటడుగుకు 80 కిలోలు దాటుతుంది, కాబట్టి వెయ్యీ అరవై కిలోల దాకా పోతుంది. చూపుకు రెండూ ఒకే సైజు, గిత్త మెడకు మాత్రం కాదు.

బరువు కన్నా ముఖ్యమైంది బండ అడుగుభాగం. ఏళ్ళ తరబడి లాగించిన బండ కింద నున్నగా అరిగి ఉంటుంది, ముందు అంచు గుండ్రమై మట్టి మీదికి ఎక్కి జారుతుంది. కొత్తగా చెక్కించిన బండకు ముందు అంచు కోసుగా ఉంటే అది మట్టిని దోసుకుంటూ పోయి, నాలుగడుగులకే ముందు గుట్ట పేరుస్తుంది. అప్పుడు జత లాగుతున్నది బండను మాత్రమే కాదు, ఆ గుట్టను కూడా. పాత బండ స్థానంలో అదే బరువున్న కొత్త బండ తెచ్చిన ఏడాది అడుగులు పడిపోతే జతలు తగ్గాయని అనుకోవడం పొరపాటు. అంచును రెండు మూడంగుళాల మేర గుండ్రంగా కొట్టించి ఉంటే ఆ తేడా చాలావరకు పోతుంది.

నేల ఇంకో లోకం. కనిగిరి, పొదిలి వైపు ఎర్రనేల. తగుమాత్రం తడిపి తొక్కిస్తే గట్టిపడి బండ జారుతుంది. ఒంగోలు చుట్టూ నల్లరేగడి. ఎండితే పెళ్ళలు, తడి ఎక్కువైతే జిగట. తడి రేగడి మీద బండ నిలబడిందంటే అడుగుభాగం మొత్తం అతుక్కుంటుంది, మళ్ళీ కదిలించడానికి జతకు ప్రాణం పోతుంది. నెల్లూరు వైపు ఏటి ఒడ్డు ఊళ్ళలో ఇసుక కలిసిన నేల దొరుకుతుంది. అక్కడ చిక్కు బండకు కాదు, గిట్టకు. కాలు తన్నిపట్టేందుకు ఆనుడు దొరకదు. ఒకే బరిలో కూడా నేల పొద్దుటికీ సాయంత్రానికీ ఒకటి కాదు. మొదటి జత కొత్త మట్టి మీద లాగుతుంది. నాలుగైదు జతలయ్యాక బండ దారి నున్నబడుతుంది. ఇంకా ఆలస్యమైతే ఆ దారిలోనే మెత్తటి దుమ్ము పేరుకుని బండ కూరుకుంటుంది. అందుకే చీటీల్లో ఏ నంబరు వస్తుందన్నదానికి అంత ఆత్రం. ప్రతి రెండు మూడు జతలకూ దారిని పారతో సరిచేసి, కొలిచినన్ని బిందెల నీళ్ళే చల్లించే కమిటీ ఫలితం మీద నమ్మకం ఎక్కువ పెట్టుకోవచ్చు.

ఇప్పుడు అసలు లాగుడు. బండకూ నేలకూ మధ్య రాపిడి, బండ బరువులో ఒక వంతుగా పనిచేస్తుంది. ఆ వంతు సగం అనుకుందాం. టన్ను బండను కదులుతూ ఉంచడానికి 500 కిలోల బరువును పైకెత్తేంత బలం కావాలి. ఎదిగిన ఒంగోలు గిత్త 550 నుంచి 600 కిలోలు ఉంటుంది, జత అంటే 1,150 అనుకోండి. పొలంలో గంటల తరబడి అలుపు లేకుండా పశువు ఇవ్వగలిగే లాగుడు దాని బరువులో పదో వంతు, మహా అయితే పన్నెండు శాతం. జతకు 140 కిలోల లోపే. బరిలో అడుగుతున్నది దానికి దాదాపు నాలుగింతలు. ఇది దుక్కి దున్నే బలం కాదు, కండరంలో దాచుకున్నదాన్ని ఇరవై నిమిషాల్లో ఖర్చు పెట్టేసే బలం. ఊళ్ళో రోజంతా అరక కట్టే ఎద్దు బరిలో తేలిపోవడం, బరిలో షీల్డు కొట్టిన గిత్త అరక్కి పనికిరాకపోవడం రెండూ మామూలే.

నిలిచిన బండను కదిలించడానికి, కదులుతున్న బండను కొనసాగించడానికి కావలసిన దానికన్నా ఎక్కువ బలం కావాలి. నిలిచినప్పుడు అది మట్టిలో కొద్దిగా దిగబడుతుంది కూడా. కాబట్టి రౌండు మధ్యలో నాలుగుసార్లు ఆగిన జత, అదే దూరాన్ని ఆగకుండా లాగిన జతకన్నా చాలా ఎక్కువ ఖర్చుపెట్టినట్టు. తోలేవాళ్ళ పనితనం ఇక్కడే తెలుస్తుంది. మొదటి నాలుగు నిమిషాల్లో జనం ఈలలకు ఉబ్బిపోయి పరుగెత్తించిన జత పన్నెండో నిమిషానికి ముక్కుతో కాక నోటితో ఊపిరి తీస్తుంది, నాలుక బయటికి వస్తుంది. ఆ తర్వాత ఎంత అదిలించినా అంగుళాలే. పైన చెప్పిన 2,387 అడుగులు, ఇరవై నిమిషాలు లెక్కేస్తే గంటకు రెండు కిలోమీటర్ల పైచిలుకు వేగం. మనిషి తీరిగ్గా నడిచే నడక కన్నా తక్కువ. గెలిచేది ఈ నిదానపు నడకను చివరి నిమిషం దాకా నిలబెట్టుకున్న జత.

గొలుసు పొడవు గురించి అపోహ ఒకటి బలంగా ఉంది. పొట్టిగా కడితే బండ ముందుభాగం లేచి తేలికవుతుందని. సగం నిజం. కాడి నేలకు నాలుగున్నర అడుగుల ఎత్తున, బండకు కొక్కెం అర అడుగు ఎత్తున ఉంటే, గొలుసు ఎక్కవలసిన ఎత్తు నాలుగడుగులు. తొమ్మిది అడుగుల గొలుసు కడితే వాలు 26 డిగ్రీల పైన వస్తుంది. అప్పుడు పైన అనుకున్న టన్ను బండకు కావలసిన లాగుడు 500 నుంచి 447 కిలోలకు దిగుతుంది. పందొమ్మిది అడుగుల గొలుసు కడితే వాలు 12 డిగ్రీలు, లాగుడు 462. అంటే పొట్టి గొలుసుతో మిగిలింది పదిహేను కిలోలు. కానీ అదే గొలుసు కాడిని కిందికి కూడా లాగుతుంది. పొడుగు గొలుసుతో మెడల మీద దిగే భారం 97 కిలోలు, పొట్టి గొలుసుతో దాదాపు 200. పదిహేను కిలోల కోసం మెడ మీద నూరు కిలోలు మోపించడం ఏ లెక్కన లాభం? ఆరేడు నిమిషాలు బాగా లాగి హఠాత్తుగా తల దించేసే జతల్లో ఈ తప్పు తరచూ కనిపిస్తుంది. పైగా పొట్టి గొలుసుతో మళ్ళింపు దగ్గర గిత్త వెనక కాళ్ళు బండ అంచుకు తగిలే ప్రమాదం ఉంది.

జోడీ కుదరడం మరో చిక్కు. కుడివైపు ఎలపట, ఎడమవైపు దాపట. ఏ గిత్తను ఏ వైపు అలవాటు చేస్తే అది ఆ వైపే లాగుతుంది, మార్చి కడితే బిత్తరపోతుంది. రెండింటి బలం అచ్చంగా ఒకటిగా ఉండటం అరుదు. బలం తక్కువది వెనకబడితే కాడి ఏటవాలుగా తిరిగి, లాగుడంతా బండను పక్కకు తిప్పడానికి పోతుంది. బండ గీత మీద కాకుండా వంకరగా నడుస్తుందంటే చూడాల్సింది కాడినే. దీనికి పాతకాలం ఉపాయం, కాడి మధ్యలోని కొక్కేన్ని బలమైన గిత్త వైపు జరపడం. రెండు మెడల మధ్య అరవై అంగుళాలున్న కాడికి కొక్కేన్ని మూడంగుళాలు జరిపితే దగ్గరి గిత్త మీద 55 పాళ్ళు, దూరపు దాని మీద 45 పాళ్ళు పడతాయి. మూడంగుళాలకే ఇంత తేడా. ఆరంగుళాలు జరిపితే 60, 40. అంత అవసరమైందంటే అది జోడీ కాదు, ఒక గిత్తకు తోడు నిలబెట్టిన ఇంకో గిత్త.

మేత దగ్గర జరిగే తప్పులకు మందు కష్టం. ఉడికించిన ఉలవలు, జొన్న చొప్ప, గానుగ చెక్క, పచ్చిమేత అందరూ పెట్టేవే. పోటీకి వారం ముందు బలం రావాలని ఒక్కసారిగా గింజ పెంచడంతో వస్తుంది ముప్పు. పశువు పెద్దపొట్టలో గింజ పులిసి ఆమ్లం ఎక్కువవుతుంది, నెమరు ఆగుతుంది, పేడ పలచబడి పుల్లటి వాసన వేస్తుంది, గిట్టలు వేడెక్కుతాయి. పెంచాలంటే రెండు మూడు వారాల ముందు నుంచి కొంచెం కొంచెంగా పెంచాలి. గడ్డి తగ్గించి గింజ పెంచితే నెమరు దెబ్బతింటుంది. పోటీ రోజు కాడి వేసే ముందు మూడు నాలుగు గంటల్లో కడుపునిండా మేపకూడదు. నిండిన పొట్ట ఊపిరితిత్తుల్ని ముందుకు నొక్కుతుంది, లాగేటప్పుడు గాలి చాలదు. నొప్పి తెలియకుండా ఇంజక్షన్ చేయించి కుంటి కాలుతో దింపడం మరీ అన్యాయం. నొప్పి పోతుంది తప్ప నరం, కీలు బాగుపడవు. ఆ రోజు లాగిన ప్రతి అడుగూ ఆ కాలిని ఇంకాస్త పాడు చేస్తుంది.

చట్టం మాట వచ్చేసరికి అందరూ జల్లికట్టు తీర్పు పేరే ఎత్తుతారు, కలగాపులగం చేస్తారు. వరస ఇది. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం 1960 నాటిది. దాని కింద 2011 జూలైలో కేంద్రం ఎద్దుల్ని ప్రదర్శనకు వాడకూడని జంతువుల జాబితాలో చేర్చింది. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టు, ఎడ్లబండ్ల పందేలు కుదరవంది. తర్వాత తమిళనాడు, మహారాష్ట్ర, కర్ణాటక తమ తమ సవరణలు తెచ్చుకున్నాయి. 2023 మే 18న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ సవరణలు చెల్లుతాయని చెప్పింది. ఆ తీర్పు నిలబెట్టింది ఆ మూడు రాష్ట్రాల చట్టాల్ని. దాన్ని చూపించి దేశమంతా అన్ని పందేలకూ అనుమతి వచ్చిందనడం సరికాదు. ఎక్కడ జరిగినా కొట్టడం, శక్తికి మించి తోలడం 1960 చట్టంలోని 11వ సెక్షన్ కింద నేరమే. లాగుడు పశువుల గురించి 1965లో వచ్చిన నియమాల్లో ముళ్ళ కర్ర వాడకూడదనీ, ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా పని చేయించకూడదనీ ఉంది. మన దగ్గర ఉగాది దాటాక ఎండ ఆ 37 అనే గీతను తరచూ దాటుతుంది. శ్రీరామనవమికి పెట్టే పోటీల్లో పొద్దున ఆరింటికి మొదలెట్టి పదకొండుకు ఆపి, మళ్ళీ సాయంత్రం లైట్ల కింద నడిపితే జతలు చూపించే అడుగులే వేరుగా ఉంటాయి. అవే జతలను మిట్టమధ్యాహ్నం దింపితే మూడో వంతు శక్తి ఒళ్ళు చల్లబరుచుకోవడానికే పోయినట్టు నీరసిస్తాయి.

ఈ పోటీలే లేకపోతే ఒంగోలు జాతి ఏమయ్యేదని అడిగేవాళ్ళున్నారు. ట్రాక్టరు వచ్చాక గిత్తను పోషించడానికి రైతుకు మిగిలిన కారణాల్లో ఇదొకటి, నిజమే. కానీ బరి జాతిని ఎంచదు, ఆ రోజు ఆ గిత్తకున్న లాగుడునే ఎంచుతుంది. ఆవు పాడి, ఈతల మధ్య ఎడం, కోడె ఎదుగుదల అనేవి బండ మీద తేలవు. వాటిని నమోదు చేసి విత్తనం నిలిపే పని చదలవాడ, లాం లాంటి పశుక్షేత్రాలది. బ్రెజిల్‌లో నెలోర్ అని మన నెల్లూరు పేరుతోనే పిలిచే కోట్ల పశువులది ఈ రక్తమే. వాళ్ళు బండ లాగించకుండానే, తూకం పుస్తకాలు రాసి దాన్ని అంత చేశారు.

కాబట్టి రెండు ఊళ్ళ ఫలితాలు పక్కన పెట్టాలనుకునేవాళ్ళు అడుగులతో పాటు విభాగం, బండ కొలతలు, రాయి రకం, బరి పొడవు, టైము, నేల, లాగిన గంట కూడా రాసి ఉంచుకోవాలి. అన్నీ కలిసిన రెండు పోటీలు ఏడాదిలో ఒకటో రెండో దొరుకుతాయి. మిగతావి ఒకే బరిలో, ఒకే పూట, పక్కపక్క చీటీల్లో లాగిన జతల మధ్యే పోల్చాలి. అప్పుడు కూడా రెండు మూడు అడుగుల తేడాను బలంలో తేడా అనుకోవద్దు, అది ఒక్క మళ్ళింపులో పోయే సెకను, సెకనున్నర తేడా. వంద అడుగులు దాటిందంటే మాత్రం జోడీలోనో, తోలుడులోనో, గొలుసులోనో కారణం వెతకడం దండగ కాదు.

కాడి దించగానే గిత్తను కట్టెయ్యకూడదు. పది, పదిహేను నిమిషాలు మెల్లగా నడిపించాలి, నీళ్ళు ఒక్కసారే బకెట్లకొద్దీ పెట్టకుండా కొద్దికొద్దిగా, నడుమ నడుమ పెట్టాలి. ఒంటి మీద నీళ్ళు పోస్తూ గాలి తగిలేచోట నిలపాలి. మెడ మీద కాడి ఆనిన చోట చెయ్యి పెట్టి చూడాలి. మర్నాటికి కూడా అక్కడ వేడి, వాపు దిగలేదంటే పైచర్మం చెక్కుచెదరకపోయినా లోపల కండ నలిగినట్టే. అది పూర్తిగా తగ్గేదాకా ఇంకో ఊరి పోటీకి పేరు రాయించకూడదు.